అప్పు మీద లేచిన కోట

*కాలిఫోర్నియా బంగారం జాన్ సటర్‌ని ముంచేసిందని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. స్విట్జర్లాండ్‌లో అతను వదిలేసి వెళ్లిన భార్యాపిల్లల వైపు నుంచి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది.*

స్విట్జర్లాండ్‌లో బెర్న్‌కి దగ్గర్లో ఉన్న బుర్గ్‌డోర్ఫ్ ఊళ్లో 1826 అక్టోబరు 24న ఒక పెళ్లి జరిగింది. మర్నాడే ఆ దంపతులకు కొడుకు పుట్టాడు. ఊళ్లో జనం ఏమనుకుని ఉంటారో చెప్పక్కర్లేదు. పెళ్లికొడుకు బట్టల కొట్లో గుమస్తా. పెళ్లికూతురు అన్నెట్ తండ్రి లేని పిల్ల. తల్లికి మాత్రం రొట్టెల వ్యాపారం ఉంది, చేతిలో నాలుగు డబ్బులూ ఉన్నాయి. అల్లుడి చేత సొంతంగా బట్టల కొట్టు పెట్టించింది ఆవిడే.

అల్లుడి పేరు యోహాన్ ఆగస్ట్ సూటర్. నిజానికి అతను పుట్టింది 1803లో, సరిహద్దు అవతల జర్మన్ నేల మీదున్న కాండెర్న్‌లో. తండ్రి అక్కడి కాగితం మిల్లులో మేస్త్రీ. వాళ్ల వంశం బాజెల్ దగ్గర ర్యూనెన్‌బెర్గ్ అనే పల్లెది. పౌరసత్వం తాతల ఊరి నుంచి వచ్చే ఆచారం కాబట్టి కుర్రాడు స్విస్ వాడయ్యాడు. బాజెల్‌లో ఒక అచ్చుకూటంలో పని నేర్చుకున్నాడు గానీ అందులో నిలవలేదు. మంచి దుస్తులన్నా, పుస్తకాలన్నా, నలుగురిలో దర్జాగా కనిపించడమన్నా మహా ఇష్టం. కొట్టు మీద కూర్చోవడం మాత్రం ఇష్టం లేదు.

అప్పు చేసి పప్పు కూడు ఎన్నాళ్లు సాగుతుంది? పెళ్లయిన ఎనిమిదేళ్లకి దివాలా. మన వ్యాపారుల భాషలో చెప్పాలంటే ఐపీ పెట్టడమే మిగిలింది. ఆ కాలంలో ఐపీ అంటే జైలు కూడా. 1834 మే నెలలో సూటర్ భార్యనీ ఐదుగురు పిల్లల్నీ వదిలి ఊరు దాటాడు. ఫ్రాన్స్‌లోని ల హావ్ర్ రేవులో ఓడెక్కి జులైలో న్యూయార్క్‌లో దిగాడు. అప్పుల వాళ్లు అన్నెట్ గుమ్మం ముందుకొచ్చారు. ఆమె తన వాళ్ల పంచన చేరి, వాళ్లు పెట్టింది తిని, పిల్లల్ని పెంచింది. మొగుడి మొహం మళ్లీ చూడటానికి దాదాపు 16 ఏళ్లు పట్టింది.

ఆ రోజుల్లో స్విట్జర్లాండ్ వదిలి పోవడం వింతేమీ కాదు. గడియారాలూ బ్యాంకులూ చాక్లెట్లూ అని మనం లొట్టలేసే దేశం అప్పట్లో తన పేదలకు తిండి పెట్టలేక ఓడలెక్కించి పంపేసింది. నేత పని దెబ్బతిని ఆకలికి మాడుతున్న గ్లారుస్ జనాన్ని 1845లో పంపితే వాళ్లు అమెరికాలోని విస్కాన్సిన్‌లో న్యూ గ్లారుస్ అనే ఊరు కట్టుకున్నారు. 1855లో ఆర్గౌ ప్రాంతంలోని నీడర్‌విల్ అనే గ్రామం తన పేదల్లో 305 మందికి దారి ఖర్చులిచ్చి ఒక్క విడతలో అమెరికా సాగనంపింది. వాళ్లని పోషించడం కన్నా పంపడమే చవకని పంచాయతీ లెక్క వేసుకుంది. సూటర్ ఆ బాపతు కాదు. అతన్ని ఎవరూ పంపలేదు, ఆకలీ తరమలేదు. ఇచ్చిన మాటలు తరిమాయి.

స్విస్ గార్డు కెప్టెన్

అమెరికాలో పేరు జాన్ సటర్ అయింది. పేరుతో పాటు గతం కూడా మారింది. ఫ్రాన్స్ రాజుగారి స్విస్ గార్డుల్లో కెప్టెన్‌గా పనిచేశానని చెప్పుకునేవాడు. బెర్న్‌లో రిజర్వు దళంలో చిన్న హోదా ఉన్న మాట నిజమే. రాజుగారూ గార్డూ మాత్రం నోటి మాటలే. అడిగి చూసేవాడెవడు? మిస్సోరీలో స్థిరపడి, శాంటా ఫే వైపు సరుకు బళ్లతో వెళ్లే వర్తకంలో దిగి, అక్కడా అప్పులు మిగిల్చి 1838లో పడమటి దారి పట్టాడు. బొచ్చు వ్యాపారుల బిడారుతో కొండలు దాటి పసిఫిక్ తీరం వైపున్న ఫోర్ట్ వాంకూవర్ చేరాడు. అక్కణ్నుంచి కాలిఫోర్నియాకి ఓడ దొరక్క హవాయికి, హవాయి నుంచి రష్యన్ల అలాస్కాలోని సిట్కాకి, అక్కణ్నుంచి చివరికి 1839 జులైలో కాలిఫోర్నియాకి. మ్యాపు మీద గీస్తే పసిఫిక్ మహాసముద్రాన్ని అడ్డంగా చుట్టేసినట్టుంటుంది. ప్రతి మజిలీలోనూ పెద్దమనుషుల దగ్గర సిఫారసు ఉత్తరాలు పుచ్చుకోవడం అతని విద్య. ఆ ఉత్తరాల కట్టే అతని పెట్టుబడి.

కాలిఫోర్నియా అప్పుడు మెక్సికోది. మాంటెరేలో ఉన్న గవర్నర్ అల్వరాడోకి లోపలి ప్రాంతాల మీద అదుపు లేదు. ఆ ఉత్తరాలు చూసి ఆయన, శాక్రమెంటో నది లోయలోకి వెళ్లి స్థిరపడు, పౌరసత్వం పుచ్చుకో, భూమి ఇస్తానన్నాడు. సటర్ ఆగస్టులో రెండు తెరచాప ఓడలు, ఒక పడవ వేసుకుని నది ఎదురెక్కాడు. వెంట హవాయి నుంచి తెచ్చుకున్న ఎనిమిది మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. అమెరికన్ నది కలిసే చోట దిగి, తిరిగి వెళ్లిపోతున్న ఓడలకు వీడ్కోలుగా ఫిరంగి తొమ్మిదిసార్లు పేల్పించాడు. ఆ చప్పుడు ఎన్నడూ ఎరగని అడవిలో పిట్టలు గుంపులు గుంపులుగా లేచిపోయాయట, జింకలు చెదిరిపోయాయట. చూడటానికి చేరిన ఆదివాసులు నిర్ఘాంతపోయారు. వచ్చింది ఎవరో చెప్పడానికి తొమ్మిది గుళ్లు దండగ చేసిన మనిషికి ఆ రోజు తలదాచుకోవడానికి ఇల్లు లేదు. మొదటి ఇళ్లు కట్టింది హవాయి వాళ్లే, తమ దీవుల్లో కట్టుకునే పద్ధతిలోనే, గడ్డి కప్పి. ఆ స్థావరానికి సటర్ పెట్టుకున్న పేరు ‘న్యూ హెల్వేషియా’, అంటే కొత్త స్విట్జర్లాండ్. దాని మొదటి వాస్తు హవాయిది.

1840లో మెక్సికో పౌరుడయ్యాడు. 1841లో 48,827 ఎకరాలకు పట్టా వచ్చింది. పచ్చి ఇటుకలతో 18 అడుగుల ఎత్తు గోడల కోట లేచింది. లోపల కమ్మరి కొలిమి, పిండిమర, కంబళ్లు నేసే మగ్గాలు, సారాయి బట్టీ. అదే ఏడాది చివర, తీరంలో ఫోర్ట్ రాస్ నుంచి రష్యన్లు మూటాముల్లె సర్దుకుంటుంటే వాళ్ల ఇళ్లు, పశువులు, ఫిరంగులు అన్నీ 30,000 డాలర్లకు బేరమాడాడు. చేతిలో డబ్బుందా? లేదు. ఏటేటా గోధుమల రూపంలో తీరుస్తానని రాసిచ్చాడు. పంట సరిగ్గా పండలేదు, వాయిదాలు తప్పాయి. రష్యన్లు వదిలేసిన సైనిక దుస్తులు ఆదివాసి కాపలాదారులకు తొడిగి రోజూ కవాతు చేయించేవాడు. కొలువు మాత్రం నిండుగా ఉండేది.

తొట్లలో జావ

ఈ కోటను పోషించింది నిసెనాన్, మివోక్ తెగల మనుషులు. గోధుమ కోసింది వాళ్లు, పశువుల్ని కాసింది వాళ్లు, ఇటుక చేసింది వాళ్లు. జీతం నాణేలు కాదు, చిల్లులు పొడిచిన లోహపు బిళ్లలు. ఎన్ని చిల్లులో అంత పని. ఆ బిళ్ల చెల్లేది సటర్ కొట్లోనే. ఎస్టేట్ల గురించీ గనుల గురించీ చదివినవాళ్లకి ఈ ఏర్పాటు తెలిసిందే.

భోజనం సంగతి 1840ల్లో అక్కడికి వచ్చిన బాటసారులు రాసిపెట్టారు. మూడు నాలుగడుగుల పొడవున్న చెక్క తొట్లు ఎండలో వరసగా పెట్టి, వాటిల్లో జావ పోసేవారు. పనివాళ్లు నేల మీద మోకాళ్లూని చేతుల్తో తోడుకుని తినేవారు. పందుల్ని పోషించినట్టుందని చూసినవాళ్లకే అనిపించింది. సటర్ దగ్గరే పనిచేసిన మరో స్విస్ కుర్రాడు హైన్రిష్ లీన్‌హార్డ్ ఇంకో మాట కూడా రాశాడు. రాత్రిళ్లు వాళ్లని గదుల్లో పెట్టి తాళం వేసేవారు. పరుపు లేదు, మరుగు లేదు, తెల్లారి తలుపు తీస్తే ఆ గది ఎలా ఉండేదో ఊహించుకోండన్నాడు. పనికి రాననే పల్లెల మీద సటర్ మనుషులు దాడులు చేసేవారు. అనాథలైన పిల్లల్ని తెలిసినవాళ్ల ఇళ్లకి పనికి పంపించేవాడు. కొన్నిసార్లు అప్పు కింద జమగా కూడా.

లీన్‌హార్డ్ గ్లారుస్ ప్రాంతం వాడు, 1822లో పుట్టాడు. ఇతన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు. కోటలో మనాయికి అనే హవాయి స్త్రీ సటర్‌కి సహచరిగా ఉండేదనీ అతనే రాశాడు. బుర్గ్‌డోర్ఫ్‌లో అన్నెట్ పరాయి పొయ్యి మీద పిల్లలకి వండిపెడుతున్న సంవత్సరాలవి.

ఇదంతా చెప్పి సటర్‌ని ఉత్త దుర్మార్గుడని కొట్టేస్తే సులువే గానీ న్యాయం కాదు. కొండలు దాటి బక్కచిక్కి వచ్చిన ప్రతి వలస కుటుంబానికీ అతని కోట తలుపు తెరిచే ఉండేది. తిండి పెట్టేవాడు, డబ్బులడిగేవాడు కాదు. 1846 చలికాలంలో డానర్ బృందమనే వలస కుటుంబాల గుంపు సియెర్రా కొండల మంచులో చిక్కుకుపోయే ముందు, తిండి కావాలని కబురొస్తే ఏడు కంచర గాడిదల మీద సరుకులు వేయించి, తన దగ్గరి ఇద్దరు మివోక్ కుర్రాళ్లని తోడిచ్చి పంపాడు. లూయీస్, సాల్వడోర్ అని వాళ్ల పేర్లు. కొండెక్కిన వాళ్లూ మంచులో చిక్కారు. ఆకలి మితిమీరాక, బయటపడటానికి బయల్దేరిన గుంపులో ఒకడు ఆ ఇద్దర్నీ తుపాకీతో కాల్చాడు. వాళ్ల మాంసం తిని మిగిలినవాళ్లు బతికారు. సటర్ దాతృత్వం గురించి రాసినవాళ్లంతా ఆ గాడిదల గురించి రాశారు. ఆ దానానికి ఖరీదు చెల్లించినవాళ్ల పేర్లు చాలాకాలం అడుగున పడున్నాయి.

జనవరి 28

1848 జనవరి 24న కలోమా దగ్గర, సటర్ కోసం కడుతున్న రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్ అనే వడ్రంగికి పచ్చటి పలుకులు కనిపించాయి. నాలుగు రోజుల తర్వాత జోరువానలో తడిసి ముద్దై కోటకొచ్చాడు. ‘ఒంటరిగా మాట్లాడాలి, తలుపు గడియ పెట్టండి’ అన్నాడు. గుడ్డ మూట విప్పుతుండగా గుమస్తా ఏదో పని మీద లోపలికొచ్చేశాడు. మార్షల్ మూటని జేబులోకి తోసేసి, గడియ పెట్టమన్నానా అని సటర్ మీద విసుక్కున్నాడు. తర్వాత ఇద్దరూ విజ్ఞాన సర్వస్వం సంపుటం ముందేసుకుని పరీక్షలు చేశారు. ఘాటు ఆసిడ్ పోశారు, పలుకు చెక్కుచెదరలేదు. తక్కెడలో వెండితో సరితూచి నీళ్లలో ముంచారు, పచ్చపలుకుల వైపే మొగ్గింది. బంగారమే.

ఆరు వారాలు నోరు మూసుకోండని పనివాళ్లని బతిమాలాడు సటర్. మిల్లు పూర్తి కావాలి, గోధుమ చేతికి రావాలి. ఇంకో పనీ చేశాడు. అక్కడి నిసెనాన్ల నుంచి ఆ భూమిని కౌలుకి తీసుకున్నట్టు కాగితం రాయించి, అప్పటికే మెక్సికో నుంచి కాలిఫోర్నియాని పట్టుకున్న అమెరికన్ సైనిక గవర్నర్‌కి పంపాడు. భూమిని లీజుకిచ్చే హక్కు ఆదివాసులకి లేదని ఆ కాగితం తిరిగొచ్చింది. ఆ భూమి వాళ్లదని ఒప్పుకున్న ఆ కాగితం సటర్ స్వార్థం కోసం రాయించుకున్నదే కావడం చిత్రం. మే నెలకల్లా గుట్టు రట్టయింది. సామ్ బ్రానన్ అనే వర్తకుడు ముందే పారలూ పళ్లేలూ కొట్టు నిండా నింపుకుని, సీసాలో బంగారు రజను పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో కేకలు పెట్టాడు. సటర్ పనివాళ్లు పొలాలు వదిలారు. పంట చేలో ఎండింది. తోళ్లు తొట్లలో కుళ్లాయి. పశువుల్ని వచ్చినవాడల్లా కోసుకు తిన్నాడు.

సాధారణంగా కథ ఇక్కడ ముగుస్తుంది. బంగారం ఒక రాజ్యాన్ని మింగిందంటారు. స్టెఫాన్ జ్వైగ్ అలాగే రాశాడు, బ్లెయిజ్ సాండ్రార్ 1925లో నవలే రాశాడు. సటర్ కూడా చచ్చేదాకా అదే చెప్పాడు. కానీ బంగారం దొరికే నాటికే ఆ రాజ్యం ప్రతి ఇటుకా తాకట్టులో ఉంది. ఆ సంగతి కనిపెట్టినవాడు పెళ్లి మర్నాడు పుట్టిన కొడుకు.

నాన్న పేరు మీద

ఆ కొడుకు పేరు ఆగస్ట్ జూనియర్. అతను 1848 సెప్టెంబరులో వచ్చాడు. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. పసివాడిగా ఉన్నప్పుడు వదిలి వెళ్లిన తండ్రి కోసం సగం ప్రపంచం దాటి వస్తే, తండ్రి కొండల్లో బంగారం వేటలో ఉన్నాడు. కోటలో అప్పుల వాళ్లున్నారు. రష్యన్లు జప్తుకి సిద్ధంగా ఉన్నారు. అక్టోబరు 14న సటర్ తన ఆస్తి మొత్తం కొడుకు పేర రాసేశాడు. దీన్ని మనవైపు ఏమంటారో అందరికీ తెలుసు. ఆస్తి కొడుకుది, అప్పు నాన్నది, ఇద్దరూ ఒక ఇంట్లోనే. నాన్న అనుకున్నది ఒకటి. కొడుకు చేసింది మరొకటి. ఆ కుర్రాడు నిజంగానే అప్పులు తీర్చడం మొదలుపెట్టాడు.

పీటర్ బర్నెట్ అనే లాయర్ని పెట్టుకుని, నది ఒడ్డున కొలతలు వేయించి, ఒక దిక్కు వీధులకి అక్షరాలు, మరో దిక్కు వీధులకి అంకెలు పెట్టి, ప్లాట్లుగా అమ్మాడు. అదే శాక్రమెంటో నగరం. నేటి కాలిఫోర్నియా రాజధాని ఒక కొడుకు తండ్రి బాకీలు తీర్చడానికి వేసిన వెంచరు. 1849లో రష్యన్ల అప్పు ఆ సొమ్ముతోనే తీరింది. సటర్ మండిపడ్డాడు. ఊరు ఇక్కడ కాదు, దిగువన ఎత్తు మీద, తన పేరు పెట్టుకున్న సటర్‌విల్‌లో వెలవాలని అతని పట్టుదల. ఈ ఒక్కదాంట్లో పెద్దాయన మాట నిజమైంది. 1850 జనవరిలోనే శాక్రమెంటో వరదలో మునిగింది.

కొడుకు మలేరియాతో మంచం పట్టాడు. చుట్టూ చేరిన పెద్దమనుషులు అతనితో సంతకాలు పెట్టించుకుని మిగిలిన ప్లాట్లు కాజేశారు. కొన్నవాళ్లలో బ్రానన్ కూడా ఉన్నాడు. 1855లో ఆ కుర్రాడు లాయర్ల కోసం రాసిచ్చిన వాంగ్మూలంలో ఈ మోసాలన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. అంతకుముందే ఒక పని మాత్రం చేశాడు. 1849లో లీన్‌హార్డ్‌కి డబ్బిచ్చి, వెళ్లి అమ్మనీ తోబుట్టువుల్నీ తీసుకురమ్మని పంపాడు. పంపింది నాన్న కాదు, కొడుకు. లీన్‌హార్డ్ పనామా మీదుగా వెళ్లి, వాళ్లని వెంటబెట్టుకుని 1850 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో దించాడు. ఐదుగురిలో చిన్నవాడు అప్పటికే పోయాడు. కూతురు ఎలీజా, కొడుకులు ఎమిల్, ఆల్ఫోన్స్ తల్లితో వచ్చారు. మొగుడికి అప్పుడు నలభై ఏడు నిండబోతున్నాయి. ముందు ఏడాది గవర్నర్ పదవికి పోటీచేసి చిత్తుగా ఓడాడు. గెలిచింది ఎవరో కాదు, కొడుకు పెట్టుకున్న లాయరు బర్నెట్.

అన్నెట్ గురించి కాగితాల్లో దొరికేది తక్కువ. ఫెదర్ నది ఒడ్డున హాక్ ఫార్మ్ అనే తోటలో కాపురం పెట్టింది. ఇంగ్లిష్ వంటబట్టించుకోలేదు, నలుగురిలోకి రాలేదు. వచ్చేపోయే అతిథులకి విందులు, వాటికి అప్పులు మామూలే. కొడుకు ఆల్ఫోన్స్ నికరాగ్వా మీద దండెత్తిన విలియం వాకర్ వెంట పోయి, రోగంతో తిరిగొచ్చి, 1863లో చనిపోయాడు. భూముల కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1858లో అల్వరాడో ఇచ్చిన పట్టా చెల్లుతుందంది, తర్వాతి గవర్నర్ ఇచ్చిన పెద్ద పట్టా చెల్లదంది. చెల్లిన భూమి ఎప్పుడో చేజారింది. 1865 జూన్‌లో ఒక దేశదిమ్మరి ఇంటికి నిప్పు పెట్టాడు. ముసలి దంపతులు కట్టుబట్టలతో తూర్పుకి బయల్దేరారు, నష్టపరిహారం ఇమ్మని కాంగ్రెస్‌ని అడగడానికి.

పెన్సిల్వేనియాలో లిటిట్జ్ అనే మొరావియన్ క్రైస్తవుల ఊళ్లో ఇల్లు కట్టుకుని, ఏటా వాషింగ్టన్ వెళ్లి అర్జీ పెట్టేవాడు సటర్. 1880లో 50,000 డాలర్ల బిల్లు వచ్చింది. జూన్ 16న దాన్ని ముట్టుకోకుండానే కాంగ్రెస్ వాయిదా పడింది. రెండు రోజుల తర్వాత హోటల్ గదిలో అతను చనిపోయాడు. అన్నెట్ మరుసటి జనవరిలో పోయింది. ఇద్దరిదీ ఒకే సమాధి.

లీన్‌హార్డ్ మాత్రం బంగారంతో వచ్చినదాన్ని జాగ్రత్త చేసుకుని, స్విట్జర్లాండ్ వెళ్లి పెళ్లాడి, మళ్లీ అమెరికా వచ్చి ఇలినాయ్‌లోని నావూలో వ్యవసాయం చేస్తూ 1903 దాకా బతికాడు. సంసారం, పొలం, సాయంత్రాలు గుర్తున్నదల్లా రాసుకోవడం. అతను లేకపోతే తొట్ల సంగతి మనకి ఇంత వివరంగా తెలిసేది కాదు. సటర్ మీద అతనికి కోపాలున్నాయి, అందుకని కొంత తగ్గించుకుని చదవాలి. అయినా వేరేవాళ్లు రాసినవి కూడా అతని మాటతోనే పొసుగుతాయి.

శాక్రమెంటో, ఫోల్సమ్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకి సటర్ అంటే ముందుగా ఆసుపత్రుల పేరు. నాలుగో తరగతిలో కాలిఫోర్నియా చరిత్ర చదివే వాళ్ల పిల్లలకి స్కూలు బస్సులో వెళ్లి చూసొచ్చే కోట. 2020 జూన్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నిరసనలు సాగుతున్నప్పుడు, శాక్రమెంటోలో ఆసుపత్రి ముందున్న సటర్ విగ్రహాన్ని ఆసుపత్రి వాళ్లే తీయించారు. వీధుల అక్షరాలూ అంకెలూ జూనియర్ వేసినవి చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ కొడుకు మెక్సికోలోని అకాపుల్కోకి వెళ్లిపోయి, అక్కడ అమెరికా కాన్సల్‌గా పనిచేసి, 1897లో అక్కడే కన్నుమూశాడు. 1964లో అతని అస్థికల్ని తెచ్చి శాక్రమెంటో శ్మశానంలో గౌరవంగా పాతిపెట్టారు. అదే 1964లో, ఆ లోయకి ఈశాన్యంగా నెవాడా సిటీ దగ్గర నిసెనాన్లకి మిగిలిన చిన్న రిజర్వేషన్‌ని అమెరికా ప్రభుత్వం రద్దు చేసి, తెగగా వాళ్లకున్న గుర్తింపుని తీసేసింది. దాన్ని తిరిగిమ్మని వాళ్ల వారసులు ఆ తర్వాత ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూ వచ్చారు.